సిలార్ సాహెబు ఎడమ బొటనవేలు

పదకొండవ వారం

పోయిన వారం మనం అనీసానీ, ఆమె నానమ్మ మస్తాన్‌బీనీ చిలకలూరిపేట బస్టాండులో మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, వాళ్ళింకా అక్కడే ఉన్నారు. అనీసా సత్తెనపల్లిలో ఎస్టీడీ బూతు నడుపుకుంటున్న ఇరవై ఆరేళ్ళ పిల్ల. ముసలావిడకి డెబ్బై ఒకటి. ఆవిడ చంకలో గుడ్డసంచీ, సంచీలో పింఛన్ల ఆఫీసువాళ్ళు పంపిన జిరాక్సు కాగితాల కట్ట. ఆ కట్టలో ఏముందో చదివి చెప్పగలిగిన మనిషి కోసమే వాళ్ళు రెండు బస్సులు మారి వచ్చారు.

మధ్యలో చేరినవాళ్ళకి సంగతి నాలుగు మాటల్లో చెప్పేస్తాను. మొదట్నుంచీ చదువుతున్నవాళ్ళు విసుక్కోకండి, మీకూ మరిచిపోయే అలవాటుందని నాకు తెలుసు.

మస్తాన్‌బీ భర్త సిలార్ సాహెబు పదిహేనేళ్ళు మిలిట్రీలో పనిచేశాడు. బర్మా యుద్ధం చూశాడు. 1947 జనవరిలో పింఛనుతో రేగుళ్ళపాడుకు తిరిగొచ్చాడు. 1971లో చనిపోతే ఊరంతా మోసుకెళ్ళి ఖబరస్తాన్‌లో తుమ్మచెట్టు పక్కన మట్టిచేశారు. ఆ తర్వాత ఆ పింఛను మస్తాన్‌బీకి వస్తోంది. మొన్న శీతాకాలంలో ఆవిడ పింఛను పుస్తకం పీలికలైపోతే కొత్తది ఇవ్వమని అర్జీ పెట్టుకుంది. ఆవిడ చేసిన నేరమల్లా అదే. కొత్త పుస్తకం ఇచ్చేముందు ఆఫీసులో ఎవడో పనిమంతుడు పాత పుస్తకాలన్నీ బయటికి తీసి వేలిముద్రలు సరిచూశాడు. 1947 నుంచి 1971 దాకా సిలార్ సాహెబు వేసిన ముద్రలు, 1972 నుంచి నేటిదాకా ఆయన భార్య వేసిన ముద్రలు. అన్నీ ఒకే వేలివి!

అంటే ఏమిటి? చచ్చిపోయాడన్న మనిషి ఇరవై ఎనిమిదేళ్ళుగా ఏటేటా ఖజానాకి వచ్చి, తన పెళ్ళాం పేరున వేలిముద్ర వేసి పోతున్నాడని కదా!

సిలార్ సాహెబు చనిపోయాడనడానికి కాగితం ముక్క లేదు. ఆ రోజుల్లో పంచాయితీలో చావు రాయించాలన్న ధ్యాస ఎవరికుంది? ఉన్న ఒక్క సాక్ష్యం ఆ ఖబరు. అందుకని ఎమ్మార్వో ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. బుధవారం పొద్దున పది గంటలకు ఖబరు తవ్వి లోపల మనిషి ఉన్నాడో లేడో చూస్తారట. ఈలోపు నమ్మదగిన సమాధానం రాతమూలకంగా ఇస్తే తవ్వకం ఆపుతారట. ఇవాళ సోమవారం.

నోటీసు వచ్చిన దగ్గర్నుంచీ మస్తాన్‌బీ నోట ఒకటే మాట. “ఖబరు ముట్టుకోనీవాకండి.” అన్నం పెట్టినా అదే, మంచినీళ్ళిచ్చినా అదే. కొడుకు లాల్ అహ్మద్ పలుగూ పారా పట్టుకుని వచ్చినవాడి కాళ్ళు విరగ్గొడతానని ఖబరస్తాన్ గేటు దగ్గర మంచం వేసుకుని కూర్చున్నాడు. ఊళ్ళోవాళ్ళు మాత్రం ఆ తుమ్మచెట్టు వైపు పోవడం మానేశారు. పక్కింటి సుబ్బరావమ్మ, కల్లంలో మిరపకాయలు తిరగేస్తుంటే ఖాకీ చొక్కా మనిషి ఒకడు గట్టు మీద నిలబడి తనవైపే చూశాడనీ, చూసినంతసేపూ ఎడమచెయ్యి జేబులోంచి తియ్యలేదనీ ఒట్టేసి చెప్పింది. అనీసా నవ్వి కొట్టిపారేసింది. కానీ ఆ సాయంత్రం కల్లం పక్కనుంచి రావాల్సివస్తే చుట్టూ తిరిగి వచ్చింది.

ఇక పదండి.

బాపయ్య ఇల్లు జిన్నింగు మిల్లు వెనక సందులో ఉంది. ఆయన రిటైరైన హవల్దారు క్లర్కు. సర్వీసంతా తుపాకీ కన్నా రబ్బరు స్టాంపులే ఎక్కువ పట్టుకున్నాడు. అద్దంకి నుంచి మాచర్ల దాకా ఏ పాత సిపాయి ఇంట్లో ఏ కాగితం అర్థం కాకపోయినా దాన్ని పట్టుకుని ఆయన అరుగు మీదికే వస్తారు. మిల్లు ఆడుతున్నంతసేపూ ఆ సందులో దూది నూగు ఎగురుతూనే ఉంటుంది. గోడల మీద, బట్టల తీగ మీద, మంచినీళ్ళ బిందె మీద అంతా తెల్లగా పేరుకుని ఉంది. బాపయ్య కనుబొమల మీద కూడా ఉంది. ఆయన తుడుచుకోవడం ఎప్పుడో మానేసినట్టున్నాడు.

“కూర్చోండమ్మా. ముందు నంబరు చెప్పండి,” అన్నాడు.

“సిలార్ సాహెబని మా తాతయ్యండీ...”

“పేరొద్దు తల్లీ. పేర్లు వందమందికుంటయ్. సిపాయికి నంబరే మనిషి. చెప్పు.”

అనీసా కట్ట మీద ఉన్న అంకెలు ఒక్కొక్కటీ చదివింది. బాపయ్య లేచి నిలబడి విన్నాడు. చనిపోయినవాడి నంబరు ఎవరు చదివినా ఆయన కూర్చుని వినడట. విన్నాక లోపలికెళ్ళి చేతులు కడుక్కొచ్చాడు, భూతద్దమూ పిల్లల పలకా తెచ్చుకున్నాడు. కాగితాల్లో కనిపించిన ప్రతి తేదీనీ సుద్దముక్కతో పలక మీద ఎక్కించడం ఆయన పద్ధతి. ఇంకో పద్ధతి కూడా ఉంది. ప్రతి కాగితాన్నీ, దాని మీది స్టాంపులతో సహా, పైకి చదువుతాడు.

“కళ్ళతో చదివితే మనకి కావాల్సిందే కనబడుద్ది అమ్మాయ్. నోటితో చదివితే ఉన్నదంతా వినబడుద్ది,” అన్నాడు.

అలా చదవడం మొదలుపెట్టాడు. ఇంగ్లీషు ముక్క చదవడం, దాన్ని తెలుగులో చెప్పడం, తేదీ రాసుకోవడం. 1931, భర్తీ, వయసు పదిహేడు. 1943, పది రోజుల సెలవు, కారణం పెళ్ళి. నాలుగో రోజే వెనక్కి రమ్మని టెలిగ్రాం. 1944, బర్మా. 1946 డిసెంబరు, డిశ్చార్జి. ఆ తర్వాత పింఛను పుస్తకాలు మొదలయ్యాయి. ఏడాదికో పేజీ, పేజీకో ముద్ర. ఆఫీసువాళ్ళు వాటన్నిటినీ పెద్దవి చేసి మరీ జిరాక్సు తీసి పంపారు. ఇరవై అయిదు సిలార్ సాహెబువి, ఇరవై ఎనిమిది మస్తాన్‌బీవి. బాపయ్య భూతద్దం పెట్టి ఒక్కొక్కటే చూస్తూ పోయాడు.

“ఆఫీసోళ్ళు పొరపాటు పళ్ళేదు. ఒకటే వేలు. ఇదిగో, నడిమధ్య సుడి, సుడికి అడ్డంగా తెల్లగీత. చిన్నప్పుడెప్పుడో కొడవలి తెగుంటది. మొదటి ముద్ర నుంచి ఆఖరి ముద్ర దాకా ఆ గీత అట్టాగే ఉంది.”

అనీసా, నానమ్మ ఎడమచేత్తో గడ్డం పట్టుకుని అన్నం తినిపిస్తే తిని పెరిగిన పిల్ల. ఆ గీత ఎక్కడ చూసిందో ఆమెకి వేరే చెప్పాలా! తలతిప్పి చూసింది. మస్తాన్‌బీ ఎడమచేతిని చీరకొంగులో చుట్టుకుని కూర్చుని ఉంది. నోటీసు వచ్చిన దగ్గర్నుంచీ అలాగే ఉంటోందన్న సంగతి అనీసాకి అప్పుడు తట్టింది.

“నానమ్మా, చెయ్యి చూపించు.”

“ఎందుకే?”

“చూపించవే బాబూ!”

ముసలావిడ మనవరాలి మొహం చూసింది, బాపయ్య మొహం చూసింది, చెయ్యి చాపింది. బాపయ్య స్టాంపు ప్యాడు జరిపాడు. ఆవిడ ఎవరూ చెప్పకుండానే బొటనవేలు ప్యాడు మీద అటూ ఇటూ దొర్లించి, తెల్లకాగితం మీద ఒత్తింది. యాభై ఏళ్ళుగా చేస్తున్న పనిలా ఎంత తేలిగ్గా చేసిందో! సుడి, సుడికి అడ్డంగా గీత. భూతద్దం అక్కర్లేకుండానే కనబడుతోంది.

“తాతయ్య పుస్తకంలో నీ వేలెందుకుంది నానమ్మా?” అనీసా అడిగింది.

మస్తాన్‌బీ బాపయ్య వైపు తిరిగి, పనిలో తప్పు దొరికిన కూలిమనిషిలా తలొంచుకుని చెప్పింది.

“ఆయనకి ఎడమచేతికి బొటనవేలు లేదయ్యా. యుద్ధంలో పోయింది. మొదటిసారి ఖజానాకి బోయినప్పుడు నేనూ ఎంట బోయా. ఆ గుమాస్తా పుస్తకం తిప్పి, ఇక్కడ ఎడమ బొటనవేలని అచ్చేసుంది, ఎడమ బొటనవేలే కావాలన్నాడు. లేదయ్యా బాబూ అంటే, లేకపోతే పింఛను లేదు పొమ్మన్నాడు. ఆయన చెయ్యి జేబులో పెట్టుకుని గోడవంక చూత్తా నిలబడ్డాడు. ఎనకాల జనం తోసుకుంటన్నారు. గుమాస్తాకి ఏం తోచిందో, ఈమె నీ పెళ్ళామేగా, మొగుడూ పెళ్ళాం ఒకటేగా, ఈమెనెయ్యమను అన్నాడు. ఏశా. ఇంక ఏటా నేనే ఏశా. ఆయన పోయినాక నా పేరున కూడా నేనేగా ఎయ్యాలి. ఏశా.”

బాపయ్య నవ్వడం మొదలుపెట్టాడు. మామూలు నవ్వా అది! పొట్ట పట్టుకుని, దగ్గొచ్చి, కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వాడు. అనీసాకి కూడా నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడుపొచ్చింది. రెండు వారాలుగా రాత్రీ పగలూ ఆమె గుండెల మీద కూర్చున్న ఖాకీ చొక్కా మనిషి ఉన్నట్టుండి దిగిపోయాడు. దయ్యమూ లేదు, భూతమూ లేదు. ఒక బద్ధకపు గుమాస్తా, నోరులేని ఆడమనిషి. అంతే కదా!

“ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా నానమ్మా! ఊరు ఊరంతా జడుసుకుని చస్తోందిగా!”

“చెబితే జైల్లో ఏత్తారని...” అంది మస్తాన్‌బీ. ఆవిడ మాత్రం నవ్వలేదు.

“ఎవరూ ఎయ్యరు. నేను రాస్తాగా,” అన్నాడు బాపయ్య. ఇంట్లోకి కేకేసి టీ పెట్టమన్నాడు. ఫుల్‌స్కేపు కాగితం తీసి, మడతపెట్టి మార్జిను చేసి, జవాబు రాయడం మొదలుపెట్టాడు. రాస్తున్నది కూడా పైకే చదువుతున్నాడు. సదరు సిలార్ సాహెబుకు యుద్ధంలో ఎడమ బొటనవేలు పోయినందున, నాటి గుమాస్తా ఆదేశం మీద ఆయన భార్య తన వేలిముద్ర వేసినది. ఇందులో ఆమె దురుద్దేశం లేదు. కనుక ఖబరు తవ్వవలసిన అవసరం లేదని మనవి. అనీసా ఆ ఆఖరి వాక్యాన్ని రెండుసార్లు చదివించుకుంది. టీ వచ్చింది. టీ మీద కూడా నూగు వాలింది. వేలితో తీసేసి తాగారు.

“ఇంకొక్కటే ఉంది,” అన్నాడు బాపయ్య. “వేలు యుద్ధంలో పోయిందని మనం అంటే సరిపోదు. ఎప్పుడు, ఎక్కడ, ఏ ఆస్పత్రిలో కట్టుకట్టారో మిలిట్రీవాడు రాసే ఉంటాడు. వాడు రాయకుండా సిపాయికి గోరు కూడా ఊడదు. ఆ కాగితం నంబరు ఇందులో వేస్తే ఎమ్మార్వో కాదు కదా, వాళ్ళ తాత కూడా కాదనలేడు.”

కట్ట మళ్ళీ ముందుకు లాక్కున్నాడు. డిశ్చార్జి కాగితం వెనక ఉన్నవి తిరగేస్తూ పోయాడు. బట్టల లెక్క, బూట్ల లెక్క, రైలు పాసు. అన్నీ పైకి చదువుతూనే ఉన్నాడు. ఇంతలో కరెంటు పోయింది. మిల్లు ఆగింది. అంతసేపూ చెవుల్లో నిండి ఉన్న మోత ఒక్కసారిగా తెగిపోయేసరికి, బాపయ్య గొంతు ఒక్కటే మరీ గట్టిగా వినబడింది. 

అప్పుడు ఆ గొంతు కూడా ఆగిపోయింది.

ఆయన చేతిలో పెద్ద కాగితం ఉంది. ఆయన దాన్ని కళ్ళతో చదువుతున్నాడు. పెదవులు కదలడం లేదు. చదవడం అయిపోయాక మొదటికొచ్చి మళ్ళీ చదివాడు. పైకి చదవని కాగితం ఇదొక్కటే అని అనీసా గమనించింది.

“దొరికిందాండీ?”

బాపయ్య కాగితాన్ని కట్ట అడుగున పెట్టబోయాడు. అనీసా చెయ్యి అడ్డం పెట్టి లాక్కుంది.

అది వేలిముద్రల కాగితం. పైవరసలో కుడిచేతివి అయిదు, కిందివరసలో ఎడమచేతివి అయిదు. ఒక్కో గడిలో ఒక్కో వేలు నల్లగా, నిండుగా. ఏ గడీ ఖాళీగా లేదు. ఎడమ బొటనవేలి గడిలో వెడల్పాటి పెద్ద ముద్ర ఉంది. సుడి లేదు, గీతా లేదు. వంకీలు తిరిగిన గీతలు ఒకపక్కకి వాలిపోయి ఉన్నాయి. అది నానమ్మ వేలు కాదు. ఏ ఆడమనిషి వేలూ కాదు.

కింద తేదీ ఉంది. 14 డిసెంబరు 1946.

అనీసాకి ఒక పట్టాన అర్థం కాలేదు. పలక వంక చూసింది. డిశ్చార్జి అని రాసి ఉన్న దగ్గర అదే తేదీ ఉంది. ఏదో తప్పుగా చదివాననుకుని మళ్ళీ కాగితం చూసింది. వేళ్ళు లెక్కపెట్టింది. పది.

“పైకి చదవండయ్యా,” అంది మస్తాన్‌బీ.

“ఏం లేదులేమ్మా, పాత కాగితం...”

“ఉన్నదంతా వినబడాలని మీరే అన్నారుగా. చదవండి.”

బాపయ్య అనీసా చేతిలోంచి కాగితం తీసుకున్నాడు. ఈసారి గొంతు పెద్దగా రాలేదు. “ఈ రోజున బెంగుళూరులో ఈ సిపాయిని డాక్టరు పరీక్ష చేశాడు. ఒంటి మీద గాయాలు లేవు. చేతులు, కాళ్ళు, వేళ్ళు అన్నీ సరిగ్గా ఉన్నాయి. సర్వీసులో ఏ దెబ్బా తగల్లేదు.” ఆగి, ఊపిరి తీసుకుని, “కింద డాక్టరు సంతకం ఉంది,” అన్నాడు.

నూగు ఇంకా గాల్లో ఉంది. మిల్లు ఆగినా అది కిందికి దిగడానికి చాలాసేపు పడుతుంది.

“ఇంటికెప్పుడొచ్చాడమ్మా ఆయన?” బాపయ్య అడిగాడు.

“మొదటి కాయ కోతప్పుడు. జనవరి.”

“అంటే డిశ్చార్జి అయిన నెలకి. అప్పటికి వేలు లేదా?”

“లేదు.”

“బర్మాలో పోయిందని చెప్పాడా?”

“బాంబు పేలి పోయిందన్నాడు.”

“బర్మా 1944,” అన్నాడు బాపయ్య పలక చూపిస్తూ. “వచ్చింది 1947. మూడేళ్ళు. పుండు ఎప్పుడో ఆరిపోయి, కాయకట్టి ఉండాలే?”

మస్తాన్‌బీ కళ్ళు అరుగు దాటి ఎక్కడో ఉన్నాయి. అనీసా ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. ఆ భుజం బిగుసుకుపోయి ఉంది.

“పచ్చిగా ఉంది,” అంది మస్తాన్‌బీ. “గుడ్డ ఇప్పితే నీరు కారేది. పసుపూ ఆముదమూ కలిపి రెండు నెలలు నేనే కట్టుకట్టా. నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు. బాంబు దెబ్బ అంటే ఎట్టా ఉంటదో నాకేం తెలుసు? ఇంతకాలం మానలేదేందండీ అని ఒక్కమాటు అడిగా. యుద్ధం పుండు అంతేనన్నాడు. సరేననుకున్నా. తెగిన చోటు నున్నగా ఉండేదయ్యా. కల్లంలో కత్తిపీటతో తెగినట్టు.”

బాపయ్య భూతద్దం మూసి జేబులో పెట్టుకుని, మళ్ళీ తీసి బల్ల మీద పెట్టాడు.

“మీకు చెప్పడం నాకిష్టం లేదు. కానీ కాగితం ఇంకో రకంగా చెప్పడం లేదమ్మా. బెంగుళూరులో పదివేళ్ళతో బయల్దేరినవాడూ, రేగుళ్ళపాడులో తొమ్మిది వేళ్ళతో దిగినవాడూ ఒకరు కాకపోవచ్చు. డిశ్చార్జి కాగితం చేతిలో ఉంటే పింఛను వస్తుంది. కానీ వేలిముద్ర కలవదు. కలవని వేలు ఉంచుకుంటే దొరికిపోతాడు. అందుకని...”

ఆయన కుడిచేతిని కత్తిలా చేసి తన ఎడమ బొటనవేలి మీద ఆనించాడు. 

“ఊరికే అంటారేంటండీ!” అనీసా గొంతు పెంచింది. ఆమెకి కోపమొచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. “పెళ్ళాం గుర్తుపట్టదా? కన్నతల్లి గుర్తుపట్టదా? నువ్వు చెప్పు నానమ్మా, తాతయ్యని నువ్వు గుర్తుపట్టలేదా?”

“నేను చూత్తేగా, గుర్తుపట్టడానికి!” అంది మస్తాన్‌బీ.

ఆ పెళ్ళి ఎలా జరిగిందో ఆవిడ చెప్పింది. నిఖా రోజున మగవాళ్ళు బయట పందిట్లో, ఆడవాళ్ళు లోపల. ముసుగులో కూర్చుని మూడుసార్లు కబూలంది. ఆ రాత్రికి జల్వా జరగాలి. పెళ్ళికొడుకునీ పెళ్ళికూతుర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, మధ్య అద్దం పెట్టి, అద్దంలో ఒకరి మొహం ఒకరికి చూపిస్తారే, అది. అద్దం తెచ్చారు, పూలు తెచ్చారు. ఈలోగా టెలిగ్రాం వచ్చింది. సిలార్ సాహెబు పొద్దుగూకే బండికి వెళ్ళిపోయాడు. ఆవిడ చూసింది గుమ్మం సందులోంచి వెనక్కి తిరిగి ఉన్న ఒక ఖాకీ చొక్కాని. మళ్ళీ మూడున్నరేళ్ళకి వచ్చిన మనిషి మొహమే ఆవిడ చూసిన మొదటి మొహం. ఇక అత్తగారంటారా, ఆవిడకి అప్పటికే రెండుకళ్ళూ పోయాయి. గడపలో నిలబడ్డవాడి మొహాన్ని చేత్తో తడిమింది. చాలాసేపు తడిమింది. తర్వాత నా కొడుకేనంది.

“ఎంతసేపు తడిమిందో ఇప్పుడు గుర్తొత్తంది నాకు,” అంది మస్తాన్‌బీ. “అప్పుడు తల్లిప్రేమ అనుకున్నా.”

అనీసాకి ఇంట్లో గోడకి ఉన్న ఫొటో, నాన్న పేరు వెనక ఉన్న పేరు, స్కూల్లో చేరినప్పుడు గర్వంగా చెప్పుకున్న మిలిట్రీ తాతయ్య, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. ఆ మనిషి ఎవరు? అసలు సిలార్ బెంగుళూరులో రైలెక్కి ఎక్కడ దిగాడు? దిగాడా?

బాపయ్య తను రాసిన జవాబును బల్ల మీద బోర్లించాడు.

“ఈ వేళ్ళ కాగితం ఖజానాకి ఎన్నడూ రాలేదు. బెంగుళూరు కట్టల్లోనే పడుంది. ఇప్పుడు ఫైలంతా తీసి జిరాక్సు కొట్టబట్టి మన చేతికొచ్చింది. ఆఫీసోళ్ళు దీన్నింకా చదవలేదు, చదివుంటే నోటీసులో రాసేవాళ్ళు. మనం బొటనవేలు లేదని జవాబిచ్చామనుకో, దాని రుజువు కోసం వాళ్ళు మొదట తీసేది ఇదే. అప్పుడు మీ ఇంటిల్లిపాదికీ ఆ పేరు పోద్ది. పైగా అసలు సిలార్ ఏమయ్యాడని పోలీసులు వస్తారు. జవాబివ్వలేదనుకో, బుధవారం ఖబరు తవ్వుతారు. తవ్వితే మాత్రం ఏముంది? లోపల ఒక మనిషి ఉంటాడు. మనిషి ఉన్నాడు, చనిపోయాడు అని రాసుకుని పూడ్చేస్తారు. చెప్పండి, ఏం చేద్దాం?”

“తవ్వితే నానమ్మ బతకదండీ,” అంది అనీసా. “రెండు వారాల నుంచీ ఖబరు ముట్టుకోవద్దని ఒకటే మాట. మీరే ఇంకేదైనా దారి...”

“అనీసా,” అంది మస్తాన్‌బీ. “నువ్వు కాసేపు నోరు ముయ్యమ్మా.”

ఆవిడ కొంగులోంచి చెయ్యి తీసి, బొటనవేలికి అంటిన సిరాని పమిట చెంగుతో తుడుచుకుంది. పోలేదు. ఉమ్మితో తడిచేసి మళ్ళీ తుడిచింది. తుడుస్తూనే, ఎవరి మొహమూ చూడకుండా చెప్పుకొచ్చింది.

“పాపం చుట్టుకుంటదని వద్దంటన్నా అనుకున్నావా నువ్వు? అదీ ఉంది. కానీ దానిక్కాదు. ఆయన మొలతాడుకి ముక్కుపొడి డబ్బా ఒకటి కట్టుకునేవాడు. ఇత్తడిది, బొటనవేలంత. మూతకి మాటు ఏయించాడు, తెరవడానికి లేదు. మిలిట్రీ తాయెత్తు అనేవాడు. పొయ్యే ముందురోజు నన్నొక్కదాన్నే పిలిచి, గుసులు స్నానం చేయించేటప్పుడు ఇది ఎవరి కంటా పడకూడదు, నాతోనే రావాలని చెయ్యి పట్టుకుని అడిగాడు. ఖబర్లో అట్టాంటివి పెట్టకూడదు, తప్పు. అయినా నా మొగుడు అడిగాడని, అంతా అటు తిరిగినప్పుడు కఫను గుడ్డ మడతలో నేనే దోపా. ఇప్పుడు తవ్వితే అది బయటపడి నలుగురూ నన్ను ఏమంటారోనని... అదయ్యా నా భయం.”

“అందులో ఏముందమ్మా?” బాపయ్య మెల్లిగా అడిగాడు.

“తెలవదు. దోపేటప్పుడు చేతిలో కదిలింది. లోపల ఏదో ఉంది. ఎండు చింతగింజ కన్నా తేలిక. అటూ ఇటూ గలగలమంది.”

బాపయ్య తన ఎడమచెయ్యి బల్ల మీదనుంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అనీసా ఆ పని చూసింది. చూసి, తన చెయ్యి కూడా ఎప్పుడో పిడికిలి బిగించి ఉందని తెలుసుకుంది.

మస్తాన్‌బీ లేచి నిలబడింది. బోర్లించి ఉన్న జవాబు తీసుకుని, మడతల మీద మడతలు పెట్టి, బాపయ్య చేతిలోనే పెట్టింది.

“ఇది ఇయ్యబాకండి. బుధవారం వాళ్ళని రానీండి, తవ్వనీండి. పక్కన నేను నిలబడతా.” ఆవిడ గొంతులో ఏడుపు లేదు. అదే అనీసాని ఎక్కువ భయపెట్టింది. “ఇరవై నాలుగేళ్ళు కాపరం చేశా. ఆ డబ్బాలో ఉన్నది ఆయన నరుక్కున్న వేలో, నన్ను నిఖా చేసుకున్నోడి దగ్గర్నుంచి నరుక్కొచ్చిన వేలో, నా కళ్ళతో నేను చూడాలి.”